ఓడకు కామెర్లు

"నాన్నా, మన ఓడకు కామెర్లు వచ్చాయి!"

రెండేళ్ళ క్రిందట ఒక ఆదివారం పొద్దున మా అమ్మాయి ఇంటిల్లిపాదికీ చేసిన ప్రకటన ఇది. పత్రిక పక్కన పడేసి వెళ్ళి చూశాను. పిల్ల అన్నమాట నిజమే. కిటికీ గూట్లో ముప్ఫై ఏళ్ళకు పైగా లంగరు వేసుకొని కూర్చున్న మా ఓడ, ఒకనాడు మల్లెపువ్వులా ఉండేది, ఇప్పుడు అచ్చంగా పండిన నిమ్మకాయలా ఉంది.

సముద్రం మొహం చూడని గార్లలో ఓడ ఏమిటని మీరడుగవచ్చు. మాది రైలు కూత వినబడే ఊరు. 2016 అక్టోబరులో ఖమ్మం జిల్లా విడిచి మహబూబాబాదు జిల్లాలో చేరింది గాని, సముద్రానికి మాత్రం అంగుళం కూడా దగ్గర కాలేదు. ఆ ఓడ మా మేనమామ ఇచ్చినది. ఆయన ఉద్యోగరీత్యా విశాఖపట్నం చేరి, అక్కడి నౌకాశ్రయం గాలి బాగా ఒంటబట్టించుకొన్న మనిషి. సెలవులకు వచ్చినప్పుడల్లా "జల ఉష" కథ చెప్పేవాడు. విశాఖలో సింధియా కంపెనీవారు నిర్మించిన ఆ సుమారు ఎనిమిది వేల టన్నుల ఓడను 1948 మార్చి 14న జవహర్‌లాల్ నెహ్రూ జలప్రవేశం చేయించారు. స్వతంత్రం వచ్చి అప్పటికి ఏడాదైనా నిండలేదు! ఆ కర్మాగారమే 1952లో ప్రభుత్వం చేతికి వచ్చి హిందుస్థాన్ షిప్‌యార్డు అయింది.

1989లో, నేను అయిదో తరగతిలో ఉండగా, మామ ఆ ఓడను తలచుకొంటూ నాకొక బొమ్మ ఓడ చేసి తెచ్చాడు. అది అసలుదానికి అచ్చుగుద్దిన నమూనా అనడానికి లేదు. చెక్క అచ్చు మీద వేడిచేసిన ఎ.బి.ఎస్. ప్లాస్టిక్ రేకు లాగి ఓడ పొట్ట చేశాడు. పైన గదులు, చిన్న పడవలు పాలీస్టైరీన్ రేకు కోసి అతికించాడు. ముందు కొన మీద నీలిరంగుతో "జల ఉష" అని తన చేత్తో వ్రాశాడు. 'ష' పొట్ట కొంచెం లావైంది. "ఏం ఫరవాలేదురా అల్లుడా, ఓడ బరువు మోయాలిగదా!" అన్నాడు. మామ 2011లో పోయాడు. ఆ లావుపాటి 'ష' మిగిలింది.

అందుకే ఆ కామెర్ల మాట నాకు గుచ్చుకొంది.

మొదటి వైద్యం మా ఆవిడది. "మీరు తెలుగు పాఠం చెప్పుకోండి, దీని సంగతి నేను చూస్తాను" అని సబ్బునీళ్ళూ మెత్తని గుడ్డా పట్టుకొచ్చింది. వంటింటి పొగ జిడ్డు నల్లగా ఊడివచ్చింది గాని పసుపు రవ్వంత కూడా కదలలేదు. ఇంతలో గోడవారగా ఉన్న ఒక చిన్న పడవ జిగురు విడిచి చేతిలోకి వచ్చింది. దాని క్రింద, దాని ఆకారంలోనే, పాలలాంటి తెల్లని మచ్చ! అక్కడ ఎండ తగలలేదు. మురికి అయితే తుడిస్తే పోవాలి. ఇది తుడిచేది కాదు. రోగం పైపూతలో లేదు, ఒంట్లోనే ఉంది.

మా కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పే మిత్రుడున్నాడు. పడవ ముక్కను ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన చెప్పిన సారాంశం ఇది. ఎ.బి.ఎస్. అంటే అక్రిలోనైట్రైల్, బ్యూటడయీన్, స్టైరీన్ అనే మూడింటి కలయిక. వీటిలో బ్యూటడయీన్ రబ్బరు స్వభావం గలది. ఆ ప్లాస్టిక్కు విరగకుండా నిలిచేది దానివల్లనే, ఎండకు ముందుగా చెడిపోయేదీ అదే. వెలుతురులోని అతినీలలోహిత కిరణాలు తగిలినచోట గాలిలోని ఆమ్లజని వచ్చి చేరుతుంది. పొడుగాటి అణువుల గొలుసులు తెగి, రంగు చూపే కొత్త కట్టుబడులు ఏర్పడతాయి. పాలీస్టైరీనుకు కూడా ఎండ పడదు. వేడి ఈ పనిని ఇంకా తొందరపెడుతుంది.

"కిటికీకి అద్దం ఉందిగదా?" అన్నాను.

"అద్దం కొన్ని కిరణాలనే ఆపుతుందండీ. పొడుగు తరంగాలవి దర్జాగా లోపలికి వస్తాయి. మీరు ముప్ఫై ఏళ్ళు ఓడను కొంచెం కొంచెంగా వేయించారు" అన్నాడాయన.

మందు లేకపోలేదు. 2008 ప్రాంతంలో పాత కంప్యూటర్లు సేకరించే విదేశీ ఔత్సాహికులు ఒక పద్ధతి ప్రచారంలోకి తెచ్చి, దానికి రెట్రోబ్రైట్ అని పేరు పెట్టుకొన్నారు. హైడ్రోజన్ పెరాక్సైడును పసుపుబారిన ప్లాస్టిక్కుకు పట్టించి వెలుతురులో ఉంచడమే దాని కీలకం. మందుల షాపులో గాయాలు కడగడానికి అమ్మేదీ, జుట్టు రంగు విరగ్గొట్టడానికి బ్యూటీ పార్లర్లలో వాడే క్రీములో ఉండేదీ ఈ పదార్థమే. విచిత్రమేమంటే, తెగులు తెచ్చిన వెలుతురునే వైద్యానికీ పిలుస్తాం! ముల్లును ముల్లుతోనే తీసినట్లు.

ఊడివచ్చిన పడవతోనే మొదలుపెట్టాను. రబ్బరు తొడుగులు, కళ్ళద్దాలు పెట్టుకొని, గాజు గిన్నెలో ఆరు శాతం ద్రవం పోసి, పడవను పూర్తిగా ముంచి, వదులుగా మూతపెట్టి పొద్దుటి ఎండలో ఉంచాను. మూత బిగించరాదు, లోపల ఆమ్లజని పుడుతూ ఉంటుంది. రెండు మూడు రోజులు, ఎండ ముదిరేలోగా లోపలికి తెస్తూ, అటూ ఇటూ తిప్పుతూ వచ్చాను. మూడోనాటికి పడవ కొంగ ఈకలా తెల్లబడింది. నా గర్వానికి హద్దు లేకపోయింది.

గర్వభంగానికి ఎంతోసేపు పట్టలేదు. పై గదుల కట్టడం గిన్నెలో పట్టదని దానికి పార్లరు క్రీము పూసి, ఎండలో పెట్టి, భోజనానికి కూర్చున్నాను. వచ్చి చూస్తే క్రీము అక్కడక్కడ ఎండి, పొలుసులు కట్టింది. కడిగితే ఒకచోట తెలుపు, ఒకచోట పసుపు, మధ్యన చారలు! కామెర్లు పోయి బొల్లి వచ్చింది. క్రీము ఆరిపోకుండా పైన పల్చని ప్లాస్టిక్ పొర చుట్టాలనీ, గంటకొకసారి కదపాలనీ తరువాత తెలిసింది. మళ్ళీ ఓపికగా చేస్తే చారలు చాలావరకు కలిసిపోయాయి.

ఈ పనికి దిగేవారికి నాలుగు మాటలు. లోపల మోటారు, ఇరుసు, తీగలు ఉంటే ముందే తీసెయ్యండి. ఇనుము తుప్పు పడుతుంది. పసుపు పోలేదని థిన్నరు గాని, గోళ్ళరంగు తుడిచే ద్రవం గాని పొరపాటున కూడా తాకించకండి. ఈ ప్లాస్టిక్కులు వాటిలో కరిగిపోతాయి. మే నెల మధ్యాహ్నపు ఎండ వద్దు. పల్చని రేకు వంకర తిరుగుతుంది. పసుపుబారింది ప్లాస్టిక్కా, దానిమీది రంగా అన్నది కూడా చూసుకోండి. నూనె కలిసిన తెల్ల ఎనామెల్ రంగులు చీకట్లో ఉంటేనే పసుపుబారి, వెలుతురులోకి తెస్తే కొంత తేరుకొంటాయి! రోగం ఒకటే అనిపించినా రోగి వేరు.

ఇక మిగిలింది ఓడ పొట్ట. దానిమీద మామ చేతివ్రాత.

గిన్నె సిద్ధం చేసుకొని, అక్షరాల మీద మైనం పూయాలా, కాగితం అంటించాలా అని ఆలోచిస్తున్నాను. రసాయనం మిత్రుణ్ణి అడిగితే ఆయన మొహమాటం లేకుండా చెప్పాడు: "ఆ నీలిరంగు నిలుస్తుందని నేను హామీ ఇవ్వలేను. ఇంకో మాట. మీరు తీసేది రంగునే గాని ముసలితనాన్ని కాదు. తెగిన గొలుసులు మళ్ళీ అతుక్కోవు. ప్లాస్టిక్కు పెళుసుగానే ఉంటుంది. ఎండలో పెడితే పసుపు మళ్ళీ వస్తుంది."

పండుటాకుకు పసరు పూస్తే లేతాకు అవుతుందా? గిన్నెలోది పారబోశాను.

ఆయన మాట ఎంత నిజమో చూడాలని తెల్లబడిన చిన్న పడవలు రెండింటిలో ఒకటి పాత కిటికీ గూట్లోనే ఉంచి, రెండోది ఓడతోపాటు హాల్లో తలుపుల బీరువాలోకి మార్చాను. ఏడాది తిరిగేసరికి గూట్లోది మళ్ళీ వెన్నరంగులోకి దిగింది. బీరువాలోది అలాగే ఉంది. వైద్యం కంటే పథ్యం మేలని మా అమ్మ ఊరికే అనేది కాదు.

ఆ పథ్యం ఖర్చులేనిది. నేరుగా ఎండపడే చోటు వద్దు. పొయ్యి దగ్గర, రేకుల అటక మీద వద్దు. అద్దాల బీరువా అయితే గుడ్డ తెర కట్టండి. అతినీలలోహిత కిరణాలను ఆపే పొర అద్దానికి అంటిస్తే మరీ మంచిది. మెత్తని పి.వి.సి. తీగలు, రబ్బరు బ్యాండ్లు ప్లాస్టిక్ బొమ్మకు ఆనించి ఉంచకండి. తగిలినచోట మెత్తబడటమో మరక పడటమో జరుగుతుంది. ఎన్.సి.సి. నౌకావిభాగం పిల్లలకు ఓడ నమూనాలు చేయడం ఒక పోటీ అంశం. వాళ్ళు చేసినవి కాలేజీ కిటికీల్లో ఉంటే వాటికీ ఇదే నియమం. ఓడ లేనివారు తమ పాత కంప్యూటరు మీటల పలకను చూసుకొంటే చాలు.

మొన్న సంక్రాంతికి అత్తమ్మ విశాఖ నుంచి వచ్చింది. బీరువా తెర తీసి చూపించాను. పైన తెల్లని గదులు, క్రింద పసుపుపచ్చని పొట్ట. ఏమంటుందోనని నిలబడ్డాను. ఆమె పైభాగం వంక చూడనేలేదు. వేలితో ఆ లావుపాటి 'ష' తడిమి, "ఇది ఒంకరగా వ్రాశావేమని ఆయన్ని ఆనాడే అడిగాను" అన్నది. కాసేపు అక్కడే నిలబడింది.

ఆమె అవతలకు వెళ్ళగానే మా అమ్మాయి గబగబా వచ్చి తెర లాగేసింది.

"చాలు నాన్నా, ఎండ తగులుతుంది!"