పూడే గుంట, పూడని గుంట

పామిడి చుట్టుపక్కల చేలల్లో గోనెసంచి కప్పి, పైన బండరాయి పెట్టిన బోర్లకు కొదవలేదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్పనుకునే సీమ. పక్కనే పెన్న ఉన్నా ఏట్లో కనిపించేది ఎక్కువగా ఇసకే. ఆ ఎండిన బోరు రైతుకు అప్పు. లెక్కల మనిషికి మాత్రం అది పూడ్చగలిగే గుంట.

నేల అంతటా ఒకే తీరుగా ఉండి, అడుగునీరు నిలకడగా పారుతోందనుకోండి. అప్పుడు ఏ చోటి నీటిమట్టమైనా దాని చుట్టూ గీసిన వలయం మీది మట్టాల సగటే. ఈ గుణమున్నవే హరాత్మక ప్రమేయాలు. మన రాతినేలలో పగుళ్లు ఇంత బుద్ధిగా ఉండవు, అది వేరే సంగతి.

ఎండిన బోరు లాంటి ఒక్క చుక్క దగ్గర కొలత దొరకలేదనుకోండి. చుట్టూ మట్టాలు హద్దులోనే ఉంటే ఆ చుక్క విలువ సగటే చెప్పేస్తుంది. తొలగించదగిన సింగులారిటీ అంటే ఇదే. మోటారు ఆడే బోరు అలా లొంగదు. 100 మీటర్ల దూరం నుంచి 10కి వచ్చేసరికి మట్టం ఎంత దిగుతుందో, 10 నుంచి 1కి మళ్లీ అంతే దిగుతుంది. 1 మీటరు నుంచి 10 సెంటీమీటర్లకూ అంతే. ఆరున్నర అంగుళాల బోరు అంచు దాదాపు అక్కడే ఉంటుంది కాబట్టి సరిపోయింది. బోరు ఉత్త చుక్కే అయితే ఆ దిగుడుకు అంతుండదు. బావుల లెక్కలో ఈ లాగరిథమ్‌ను 1906లో వాడి చూపినవాడు జర్మన్ ఇంజినీరు థీమ్.

నాకు నచ్చేది ఇక్కడి మొండితనం. మధ్యరకం లేదు. లాగరిథమ్ కంటే మెల్లగా పెరిగేదేదైనా అసలు పెరగనట్టే, గుంట పూడినట్టే. ఇది రెండు పరిమాణాల సంగతి. మూడు పరిమాణాల్లో ఆ గీటురాయి దూరానికి విలోమం. నాలుగైతే దూరపు వర్గానికి విలోమం. విలువలు సున్నాకు దిగవన్న హామీ ఒక్కటుంటే చాలు, చుక్క దగ్గర చెడేది ఆ గీటురాయి పదమొక్కటే, మిగతాదంతా సాఫీ అని 1903లో అమెరికన్ గణితవేత్త బోచర్ తేల్చాడు.

చుక్క కాక గీత అయితే? మూడు పరిమాణాల్లో విలువలు హద్దులో ఉంటే సన్నని గీతా పూడుతుంది. గోడ పూడదు. అనంతపురం గ్రానైటును చీల్చుకుంటూ నల్లటి డోలరైటు డైకులు గోడల్లా సాగుతాయి. నీటిని అడ్డుకునే డైకుకు ఇటొక మట్టం, అటొక మట్టం. రెండూ హద్దులోనే ఉంటాయి, అయినా అతకవు. పక్క చేలో నీళ్లు పడ్డాయని బోరు బండిని పిలిచే ముందు, మధ్యలో నల్లరాయి కట్ట ఉందేమో ఒకసారి నడిచి చూడండి.