దిగడం తెలిసినవాళ్లు

1988 జూన్ 5. ఇటలీ ఉత్తరాన ఆల్ప్స్ కొండల్లో గావియా కనుమ. ఎత్తు 2,600 మీటర్ల పైచిలుకు. కింద వాన పడుతోంది, పైన మంచు. అప్పటికి ఆ దారికి పూర్తిగా తారు కూడా పడలేదు. ‘జిరో డి ఇటాలియా’ సైకిల్ పందెంలో ఆ రోజు అందరికంటే ముందు శిఖరానికి చేరింది డచ్ ఆటగాడు యోహాన్ వాన్ డెర్ వెల్డె. పొట్టిచేతుల చొక్కా, వట్టి చేతులు, జుట్టు నిండా మంచు. ఫొటోల్లో చూస్తే కొండని జయించిన వీరుడిలాగే ఉంటాడు. ఇక మిగిలింది దిగుడే. బోర్మియో ఊరికి పాతిక కిలోమీటర్లు. తొక్కనక్కర్లేదు, బ్రేకు పట్టుకుని కూర్చుంటే చాలు.

ఆ దిగుడులోనే ఆయన పని అయిపోయింది. కొంతదూరం వెళ్లేసరికి వేళ్లు బ్రేకు నొక్కడం మానేశాయి. దారి పక్కనున్న బండిలోకి వెళ్లి తలదాచుకుని, ఒళ్లు వెచ్చబడ్డాక మళ్లీ బయల్దేరాడు. ముందుగా కనుమ ఎక్కిన మనిషి గమ్యానికి ముప్పావుగంట పైగా ఆలస్యంగా చేరాడు.

మొత్తం పందెంలో ముందున్నవాడు తొడుక్కునే గులాబీ చొక్కా ఆ రోజు దక్కింది అమెరికన్ ఆండీ హ్యాంప్‌స్టెన్‌కి. ఎరిక్ బ్రూకింక్ ఏడు సెకన్ల తేడాతో ఆ రోజు పందెం గెలిచాడు గానీ, మొత్తం జిరోని హ్యాంప్‌స్టెన్ ఎగరేసుకుపోయాడు. యూరప్ బయటివాళ్లెవరూ అంతకుముందు ఆ పందెం గెలవలేదు. ఆయన బలం గురించి పుంఖానుపుంఖాలుగా రాశారు. నాకు మాత్రం ఆ ఉదయం ఆయన జట్టువాళ్లు చేసిన పనే ఎక్కువ నచ్చుతుంది. వాతావరణం చూసి, దగ్గర్లోని దుకాణాలకు పరిగెత్తి, మంచు ఆటలవాళ్లు తొడుక్కునే చేతితొడుగులు, టోపీలు కొనుక్కొచ్చారు. కనుమ దగ్గర వేడి టీ చేతికందించే మనిషిని నిలబెట్టారు. పందెం చరిత్రలో టీకి దక్కాల్సిన గౌరవం ఇంకా దక్కలేదు.

ఒంట్లో పొయ్యి

సైకిల్ తొక్కేటప్పుడు మనం ఖర్చుపెట్టే శక్తిలో నాలుగో వంతు చక్రానికి అందితే గొప్ప. మిగతాదంతా ఒంట్లో వేడిగా మిగులుతుంది. అందుకే ఎత్తెక్కుతున్నంతసేపూ మంచులోనైనా మనిషికి చెమటలు పడతాయి. దిగుడు మొదలవగానే కాళ్లు ఆగుతాయి, పొయ్యి ఆరుతుంది, గాలి మాత్రం మొదలవుతుంది. లెక్క చెప్తాను: బయట సున్నాకి 20 డిగ్రీలు కింద ఉందనుకుందాం. గంటకి 20 కిలోమీటర్ల వేగంతో వెళితే ముఖానికి అది మైనస్ 30లా తగులుతుంది. వాలులో 50కి పెంచితే మైనస్ 35. పైగా ఎక్కేటప్పుడు పట్టిన చెమటతో లోపలి చొక్కా తడిసి ఉంటుంది. తడిబట్ట ఒంటి వేడిని ఎంత గబగబా లాగేస్తుందో చెప్పక్కర్లేదు, మట్టికుండలో నీళ్లు చల్లబడేది ఆ సూత్రంతోనే.

అందువల్ల చలికాలపు దూరప్రయాణాల్లో ఆరితేరినవాళ్లని మొదటిసారి చూస్తే వింతగా అనిపిస్తుంది. గడ్డ కట్టే చలిలో జాకెట్ గుండీలు విప్పుకుని, కావాలని కాస్త వణుకుతూ తొక్కుతుంటారు. ఎత్తు రాకముందే ఒక పొర తీసేస్తారు. ఆగాల్సి వస్తే చలి వేసేదాకా చూడరు, ఆగిన క్షణంలోనే మందపాటి కోటు వేసుకుంటారు. చెమట పట్టకుండా చూసుకోవడమే వాళ్లకి సగం పని.

పదిహేను డిగ్రీలకే మంకీ క్యాపులు బయటికి తీసే మనకి ఈ మైనస్ అంకెలన్నీ ఒకలాగే వినిపిస్తాయి. మన దగ్గర చలికి పేరు పడ్డది లంబసింగి. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని ఆ ఊరికి ‘కొర్రబయలు’ అని మరో పేరుంది. రాత్రి బయట పడుకుంటే తెల్లారేసరికి మనిషి కొర్రులా బిగుసుకుపోతాడని అర్థం చెబుతారు. చలి చేసే పనంతా ఆ ఒక్క పేరులో ఉంది.

మనిషి సరే, సైకిలో?

మైనస్ 30 దగ్గర సైకిల్ వేరే వస్తువైపోతుంది. వెనకచక్రం ఇరుసులో ఫ్రీవీల్ ఉంటుంది కదా, ముందుకు తొక్కితే పట్టేసి, ఆపితే టకటకమంటూ వదిలేసేది. అందులోని గ్రీజు గట్టిపడితే చిన్న ఇనుపపళ్లు లేవవు. పెడల్ గిరగిర తిరుగుతుంది, చక్రం కదలదు. చెయిన్ బాగుంటుంది, టైరు బాగుంటుంది, మనిషి మాత్రం గాల్లో తొక్కుతుంటాడు. అందుకే ముందే ఇరుసు విప్పి పాత గ్రీజు తుడిచేసి, చలికి బిగుసుకోని పల్చటి నూనె వేసుకుని బయల్దేరతారు. ప్లాస్టిక్ పెళుసవుతుంది. లైటు బ్యాటరీ చప్పున చచ్చిపోతుంది కాబట్టి దాన్ని లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకుంటారు. నీళ్లసంచీ కూడా జాకెట్ లోపలే. పొయ్యి వెలిగించి మంచు కరిగించుకుందామంటే అదీ మొరాయిస్తుంది. మన గ్యాస్ బండలో ఉండే బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరవడం మానేస్తుంది, అందుకే వాళ్లు పెట్రోలులాంటి ద్రవ ఇంధనంతో మండే స్టవ్‌లు మోసుకెళ్తారు. హ్యాండిల్‌కి రెండు పక్కలా దిండుగలీబుల్లాంటి సంచులు కట్టుకుని చేతులు అందులో దూరుస్తారు. చూడ్డానికి బాగోదు గానీ వేళ్లు మిగులుతాయి.

ఇక టైర్ల సంగతి. మనకి గాలి తగ్గిన సైకిలంటే చిరాకు. వెనక కూర్చున్నవాణ్ణి దింపేసైనా గాలి కొట్టిస్తాం. మంచులో తిరకాసు. గట్టి టైరు మంచుని కోసుకుంటూ దిగబడిపోతుంది. మెత్తటి టైరు పరుచుకుని పైన తేలుతుంది. అందుకే నాలుగు అంగుళాల వెడల్పున్న ‘ఫ్యాట్ బైక్’ టైర్లలో బొటనవేలితో నొక్కితే లోపలికి పోయేంత కొద్దిపాటి గాలే ఉంచుతారు. ఈ సైకిల్ పుట్టుక ముచ్చటైన కథ. అలాస్కావాళ్లు మొదట్లో రెండు రిమ్ములు పక్కపక్కన వెల్డింగ్ చేసి, రెండు టైర్లు తొడిగి చూశారు. ఫెయిర్‌బ్యాంక్స్ ఊళ్లో సైమన్ రాకోవర్ 44 మిల్లీమీటర్ల వెడల్పు రిమ్ము తయారుచేశాడు. సరిగ్గా అలాంటి తంటాలే అమెరికా దక్షిణాన న్యూమెక్సికోలో ఇసుక దిబ్బల మీద తిరగడానికి రే మొలీనా పడుతున్నాడు. బాగా చల్లబడిన మంచుపొడికీ ఇసుకకీ చక్రం కింద పెద్ద తేడా లేదు. ఎడారివాళ్ల ప్రయోగాలూ మంచువాళ్ల ప్రయోగాలూ కలిసి, 2005లో సర్లీ కంపెనీ ‘పగ్స్‌లీ’ సైకిల్‌తో మామూలు దుకాణాల్లోకి వచ్చాయి.

మంచు సరే, గాజులా గడ్డకట్టిన రోడ్డు మీద వెడల్పు పనిచేయదు. అక్కడ మేకుల టైర్లు కావాలి, రబ్బరులో పొదిగిన కార్బైడ్ ములుకులు. వాటితోనైనా మలుపులో బ్రేకు నొక్కితే పడ్డట్టే. ఇంకో చిత్రం, మంచుగడ్డ సున్నాకి దగ్గరగా ఉన్నప్పుడే ఎక్కువ జారుతుంది. పైన కంటికి కనిపించనంత పల్చటి తడి ఉంటుంది. చలి ముదిరేకొద్దీ పట్టు దొరుకుతుంది. కొండదారిలో ఎండ తగిలే మలుపు మంచిదనుకుంటాం. మధ్యాహ్నం అక్కడ కరిగిన నీరు సాయంత్రానికి మళ్లీ గడ్డకడుతుంది, కాబట్టి ప్రమాదమంతా అక్కడే కాచుకుని ఉంటుంది.

నెట్టుకుంటూ అలాస్కా

ఈ విద్యకి పరీక్ష కేంద్రంలాంటిది అలాస్కాలో జరిగే ‘ఇడిటరాడ్ ట్రయల్ ఇన్విటేషనల్’. కుక్కబళ్ల పందెం నడిచే దారిలోనే, చలికాలం చివర్లో, సైకిళ్ల మీదో స్కీల మీదో కాలినడకనో వెళ్లాలి. కనిక్ సరస్సు దగ్గర మొదలు. చిన్న పందెం మెక్‌గ్రాత్ ఊరిదాకా 350 మైళ్లు, అంటే 560 కిలోమీటర్లు. పెద్దది బేరింగ్ సముద్రతీరంలోని నోమ్ దాకా 1,000 మైళ్లు. మధ్యలో రెయినీ పాస్ మీదుగా అలాస్కా పర్వతశ్రేణి దాటాలి. వెంట వచ్చే బండి ఉండదు. తిండి మూటలు ఒకటి రెండు చోట్ల ముందే పంపుకోవచ్చు, మిగతాదంతా సైకిల్ మీదే.

హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో గడువులోగా దూరాలు ముగించే ‘బ్రెవే’లు తొక్కేవాళ్లకి ఒక లెక్క చెబితే ఇట్టే అర్థమవుతుంది. బ్రెవేలో 600 కిలోమీటర్లకి ఇచ్చే గడువు 40 గంటలు. అలాస్కాలో 560 కిలోమీటర్లకి ఇచ్చేది పది రోజులు. దారి గట్టిగా బిగిసిన ఏడాది దూసుకుపోయేవాళ్లూ ఉన్నారు. 2014లో జెఫ్ ఓట్లీ వెయ్యి మైళ్లూ పది రోజుల మూడు గంటల లోపే పూర్తిచేశాడు. కానీ కొత్తమంచు ఒక అడుగు కురిసిందా, అంతే సంగతులు. దిగి నెట్టాలి. గంటకి రెండు మూడు కిలోమీటర్లు, ఒక్కోసారి రోజుల తరబడి.

నెట్టడం అంటే ఏమిటో రేగడి నేలల్లో పెరిగినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. వాన పడ్డాక చేనుదారిలో నాలుగు గజాలు వెళ్లేసరికి మడ్‌గార్డు కింద మట్టి మెత్తుకుపోయి చక్రం ఆగిపోయేది. తుమ్మపుల్లతో పొడిచి మట్టి తీయడం, మళ్లీ నాలుగు గజాలు. చివరికి సైకిల్‌ని భుజానేసుకుని ఇల్లు చేరేవాణ్ణి. ఇంటిముందు మా తాత నవ్వుతూ, “ఏరా, అది నిన్ను మోసిందా, నువ్వు దాన్ని మోశావా?” అనేవాడు. కానీ మాకు ఇంటికెళితే వేడినీళ్లుండేవి.

అలాస్కాలో అన్నిటికన్నా భయపెట్టేది లోతైన మంచు కాదంటారు అనుభవజ్ఞులు, మంచు కింద నీళ్లు. నది గడ్డకట్టాక, కిందినుంచి ఒత్తిడికి నీరు పగుళ్లలోంచి గడ్డ పైకి ఉబికి వస్తుంది. దానిమీద మళ్లీ మంచు కురిసి కప్పేస్తుంది. తెల్లగా, చదునుగా, అమాయకంగా కనిపిస్తుంది. అడుగేస్తే మోకాలి లోతు. మైనస్ 30లో కాలు తడిస్తే మంచుకాటుకి ఎంతో సేపు పట్టదు. అనుమానం వచ్చిన చోట దిగిపోయి, బూట్ల మీద మోకాళ్లు దాటే తొడుగులు వేసుకుని, సైకిల్‌ని పక్కన నడిపించుకుంటూ దాటతారు. దిగడానికి సిగ్గుపడేవాళ్లు ఆ దారిలో ఎక్కువ దూరం పోలేరు.

రోజ్ అనే సైకిల్

పందేలతో పనిలేని మనిషి ఒకరున్నారు. ఐర్లండ్‌లోని లిస్మోర్‌కి చెందిన డెర్వ్లా మర్ఫీ. పదో పుట్టినరోజుకి ఒక సైకిలూ ఒక పాత అట్లాసూ కానుకగా వస్తే, రెంటినీ కలిపి చూసి ఇండియా వెళ్లాలని తీర్మానించుకుంది. ఇంట్లో జబ్బుపడ్డ తల్లికి ఏళ్ల తరబడి సేవచేసి, ఆమె పోయాక, 31 ఏళ్ల వయసులో బయల్దేరింది. 1963 జనవరి 14న, మనం సంక్రాంతి చేసుకునే వేళకి, ఫ్రాన్స్‌లోని డంకర్క్ నుంచి తొక్కడం మొదలుపెట్టింది. యూరప్ దశాబ్దాల్లో ఎరగని చలి అది. సైకిల్ పేరు రోజ్, ‘డాన్ క్విక్సోట్’ నవలలోని గుర్రం రోసినాంతే పేరుకి ముద్దుపేరు. దాని గేర్లని ముందే పీకించేసింది, దారిలో చెడితే బాగుచేసేవాళ్లుండరని. బాల్కన్ అడవుల్లో తోడేళ్లు మీదపడితే పిస్తోలు పేల్చి బయటపడింది. దారి పూర్తిగా మూసుకుపోయిన చోట వేరే బండి ఎక్కడానికి మొహమాటపడలేదు. చివరికి జూలైలో ఢిల్లీ చేరింది. మధ్యలో పాకిస్తాన్ ఉత్తరాన, అప్పటికింకా మంచు తొలగని 4,173 మీటర్ల బాబూసర్ కనుమని, రోజ్‌ని ఈడ్చుకుంటూ మోసుకుంటూ దాటింది. ఆ ప్రయాణం మీద 1965లో వచ్చిన ‘ఫుల్ టిల్ట్’ ఇప్పటికీ అచ్చులో ఉంది. ఆమె 2022లో, 90 ఏళ్ల వయసులో కన్నుమూసింది.

మన హిమాలయాల విషయానికొస్తే, మనాలి–లేహ్ దారిలో వేసవిలో తొక్కే తెలుగు కుర్రాళ్లు ఏటా కనిపిస్తున్నారు. ఖర్దుంగ్ లా బోర్డు దగ్గర ఫొటో దిగి వస్తారు. ఆ బోర్డు మీద చాలాకాలం 18,380 అడుగులని ఉండేది. కొలిచి చూస్తే నిజం ఎత్తు 5,359 మీటర్లు, అంటే 17,600 అడుగుల లోపే. ఏదైనా అక్కడ గాలి సముద్రమట్టంతో పోలిస్తే సగమే. చలికాలంలో మనాలి–లేహ్ రోడ్డు మూతపడుతుంది. 2020లో అటల్ సొరంగం తెరిచాక లాహౌల్ దాకా రాకపోకలు సాగుతున్నాయి గానీ, ఆ పైన బారాలాచా కనుమ మంచు కిందే ఉంటుంది. స్పితిలో వాగులు రోడ్డు మీదికొచ్చి గడ్డకడతాయి. డ్రైవర్లు పొద్దున్నే లారీ డీజిల్ ట్యాంకు కింద మంట పెట్టి వెచ్చచేసుకుంటారు. అక్కడ జనవరిలో సైకిలెక్కాలని ఉబలాటపడేవాళ్లకి ఒక మాట: రెండు చలికాలాలు అక్కడ నడిచి చూడండి, మూడోదానికి తొక్కండి.

బంగారం కోసం

ఇదంతా ఈమధ్య మొదలైన పిచ్చి అనుకునేవాళ్లకి 1900 నాటి సంగతి చెప్పాలి. అప్పుడు కెనడాలోని డాసన్ ఊళ్లో బంగారం వేట చల్లబడి, అలాస్కా కొసన నోమ్ తీరపు ఇసుకలోనే బంగారం దొరుకుతోందని కబురొచ్చింది. మధ్య దూరం 1,600 కిలోమీటర్ల పైమాటే. గడ్డకట్టిన యూకాన్ నదే రహదారి. కుక్కబండి కట్టాలంటే కుక్కలకి రోజూ చేపలు పెట్టాలి. సైకిల్‌కి ఆ బాధ లేదు. ఫిబ్రవరిలో ఎడ్ జెస్సన్ అనే వర్తకుడు 150 డాలర్లకి సైకిల్ కొనుక్కుని, వార్తాపత్రికలు మూటగట్టుకుని, కుక్కబళ్ల కింద బిగిసిన ఇరుకు జాడలో తొక్కుకుంటూ పోయాడు. నూనె గడ్డకట్టింది, టైర్లు కర్రల్లా బిగిశాయి, మంచు మెరుపుకి కళ్లు దెబ్బతిన్నాయి. అయినా చేరాడు.

కొద్ది రోజుల తేడాతో, మార్చి 2న, మాక్స్ హిర్ష్‌బెర్గ్ బయల్దేరాడు. అప్పటికింకా కుర్రాడు. కుక్కలతో ముందే వెళ్లాల్సినవాడు, కాల్లో మేకు దిగి విషమెక్కడంతో ఆగిపోయాడు. కోలుకునేసరికి దారి కరిగే కాలం దగ్గరపడింది. షాక్టూలిక్ నదిలో గడ్డ విరిగి నీళ్లలో పడ్డాడు. సైకిల్ దక్కించుకున్నాడు గానీ, 1,500 డాలర్ల విలువైన బంగారుపొడి సంచి నీళ్లపాలైంది. పెడళ్లు విరిగితే చెక్కతో చేసుకున్నాడు. నోమ్ దగ్గరపడుతుండగా చెయిన్ తెగింది.

చెయిన్ లేని సైకిల్‌తో ఏం చేస్తాడు? వీపు వెనక కోటులోకి ఒక కర్ర దూర్చి, కోటుని తెరచాపలా విప్పుకున్నాడు. వెనకనుంచి గాలి కొట్టింది. గడ్డకట్టిన సముద్రం మీద, తొక్కకుండా, నెట్టకుండా సాగిపోయి, మే 19న నోమ్‌లో దిగాడు.