తలంబ్రాల పొద దగ్గర నాలుగు పొద్దులు

జీవపరిణామం అనగానే మనకి డార్విన్ గడ్డమూ, గాలపగోస్ దీవులూ గుర్తుకొస్తాయి. పరీక్షలో ఓ పది మార్కుల ప్రశ్నగా రాసేసి మరిచిపోతాం. అది మా రావికమతం చెరకుతోట గట్టు మీద కూర్చుని చూడదగ్గ సంగతి అని నాకు నిరుటి దసరా సెలవుల దాకా తట్టలేదు.

మా గట్టున తలంబ్రాల పొద వుంది. పుస్తకాల్లో లాంటానా కమరా. అమెరికా ఖండం మొక్క. తోటల అందం కోసం మన దేశానికి తెచ్చారు. ఇప్పుడది కొండవాలులన్నీ ఆక్రమించి పశువులకి మేత లేకుండా చేస్తోంది. రైతులం గనక దాని దగ్గరికి కత్తి పట్టుకునే వెళతాం. నోటుబుక్కు పట్టుకుని వెళ్ళినవారొకరున్నారు. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు గారు.

1957లో జె.బి.ఎస్. హాల్డేన్ లండన్ యూనివర్సిటీ కాలేజీ వదిలి కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చారు. ప్రకృతివరణాన్ని లెక్కల్లోకి దింపిన మహానుభావుల్లో ఆయనొకరు. అక్కడ ఆయన చేయించిన పనులకి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. టి.ఎ. డేవిస్ కొబ్బరిచెట్ల ఆకుల మెలిక ఎడమకా కుడికా అని లెక్కపెట్టారు. ఎస్.కె. రాయ్ వేర్వేరు వరి రకాలు పక్కపక్కన పెరిగితే ఒకదానివల్ల ఇంకోదానికి ఏమవుతుందో చూశారు. (ఈ ఒక్కటి మాత్రం మా నాన్న శ్రద్ధగా విన్నాడు.) కృష్ణారావు గారు ఏ సీతాకోకచిలుక ఏ రంగు లాంటానా పూల మీద వాలుతుందో రాసుకున్నారు.

కొన్ని జాతులు ఒక రంగుకే మొగ్గుతున్నాయని తేలింది. ఇందులో ఏముంది అంటారా? ఒక జాతి రెండు కావాలంటే వాటి మధ్య కలయిక తెగాలి. కొండో సముద్రమో అడ్డొస్తే తెగుతుంది. ఇక్కడ అడ్డేమీ లేదు. అయినా గులాబి పూల పుప్పొడి గులాబి పూలకే, నారింజ పూలది నారింజ పూలకే చేరుతూ పోతే, ఒకే చోట వుంటూనే రెండూ వేరుపడవచ్చు. 1960లో 'నేచర్' పత్రికలో వచ్చిన ఆయన వ్యాసం సారం ఇదే. అదైనా 'కావచ్చు' అన్నారే గాని 'అయింది' అనలేదు. ఆ జాగ్రత్త మంచిదే అయింది. 1978లో ఢిల్లీలో మాథుర్, మోహన్‌రామ్‌లు లాంటానాకి పరాగసంపర్కం చేసేవి తామరపురుగులని చూపించారు. వాటిని రప్పించేది అప్పుడే విచ్చిన పూల పసుపు రంగట!

ఈ రెండో సంగతి తెలియక నేను బోర్లా పడ్డాను. నాలుగు రోజులు పొద్దున్నే గట్టున కూర్చుని, పసుపు పూలకి ఒక వరస, ఎర్ర పూలకి ఒక వరస గీతలు పెట్టాను. "ఏట్రా, సీతాకోకచిలకల్ని లెక్కెట్టడానికేనా నిన్ను సదివిస్తంట?" అన్నాడు నాన్న. నా దగ్గర జవాబు లేదు. మా లెక్చరరుగారు ఆ కాగితాలు చూసి, "ఇవి రెండు రంగుల మొక్కలు కావయ్యా, ఒకే పూవుకి రెండు వయసులు" అన్నారు. విచ్చినప్పుడు పసుపు, ముదిరితే ఎరుపు. రెండో రకం మొక్క లేనిదే ఎంపిక ఎక్కడిది?

హాల్డేన్ 1964లో భువనేశ్వర్‌లో చనిపోయారు. ఆయన దేహం చివరికి చేరింది మన కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకే.

కల్యాణపులోవ దారిలో గులాబి పూల పొద వుందని మా చిన్నాన్న చెప్పాడు. దాని కొమ్మ తెచ్చి మన గట్టున పాతుదునా అని అడిగితే, "ఉన్నదాన్నే నరకలేక సస్తంటే ఇంకోటా!" అని నాన్న కోప్పడ్డాడు. గట్టున వున్నదాన్ని మాత్రం ఈ ఏడు ఇంకా కొట్టలేదు.