అడవి గొడుగు

ఏప్రిల్ నెల. మిట్టమధ్యాహ్నం. బీడులో చెప్పుల్లేకుండా నడిస్తే కాళ్లు బొబ్బలెక్కుతాయి. పక్కనే ఉన్న దట్టమైన చింతతోపులో నేల చల్లగా ఉంటుంది. ఊరు ఒక్కటే. ఎండ ఒక్కటే. మరి ఈ తేడా ఎందుకు?

తోపులో, అడవిలో కొమ్మలు ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. గొడుగు పట్టినట్టు ఉంటాయి. ఎండ చాలావరకు ఆ గొడుగు మీదే ఆగిపోతుంది. ఆకుల్లోని నీరు ఆవిరై పోతూ ఉంటుంది. కొత్తకుండలో నీళ్లు చల్లబడేదీ ఇలాగే. వడగాలి కూడా లోపలికి జోరుగా రాదు. అందుకే నేలలో తడి తొందరగా ఆరదు.

శాస్త్రజ్ఞులు అయిదు ఖండాల్లో 98 చోట్ల లెక్కలు పోల్చి చూశారు. ఆ వివరాలు 2019లో అచ్చయ్యాయి. అడవి లోపల పగటి వేడి బయటికంటే సగటున 4 డిగ్రీలు తక్కువ. రాత్రిపూట మాత్రం లోపలే ఒక డిగ్రీ వెచ్చన.

నాలుగు డిగ్రీలేగా అనిపిస్తుంది. రోకలిబండను చూడండి. ముట్టుకుంటే చుట్ట చుట్టుకునే పురుగు అది. ఒంట్లో తడి పోకుండా ఆపే శక్తి దానికి తక్కువ. ఎండలో చిక్కితే ఎండిపోయి చస్తుంది. జెర్రిదీ అదే బాధ. అందుకే అవి రాళ్ల కింద, కుళ్లిన మొద్దుల కింద, రాలిన ఆకుల కింద బతుకుతాయి.

ఊరికే బతకవు. రోకలిబండ రాలిన ఆకులను కొరికి తింటుంది. ఆకు పొడి పొడి అయి మట్టిలో కలుస్తుంది. అదే చెట్టుకు ఎరువు. చెదపురుగు ఇంట్లో వాసాలు తింటే శత్రువే. అడవిలో మాత్రం ఎండుకట్టెను మట్టి చేసేది అదే. జెర్రి, తేలు, సాలీడు మిగతా పురుగులను తిని అదుపులో ఉంచుతాయి.

చెట్లు కొట్టేస్తే నేల మీద పురుగే ఉండదా? ఉంటుంది. ఎండకు ఓర్చుకునే చీమలు, మిడతలు ఉంటాయి. తడి కావలసినవి పోతాయి. ఆకును ఎరువు చేసేవాళ్లు తగ్గిపోతారు.

ఇక్కడొక సందేహం వస్తుంది. టేకు అడవి ఎండాకాలంలో ఆకు రాలుస్తుంది కదా, అప్పుడు గొడుగేది? గొడుగు నేల మీదికి దిగుతుంది. రాలిన ఆకులే మట్టికి నీడ. వాటి కింద, మట్టి లోపల జీవాలు వానకోసం కాచుకుని ఉంటాయి. ఆరుద్ర పురుగు ఏడాదిలో ఎక్కువకాలం మట్టిలోనే గడుపుతుంది. తొలకరి పడగానే ఎర్రని మఖమల్ గుడ్డముక్కలా పైకి వస్తుంది. పేరుకు పురుగే గాని దానికి ఎనిమిది కాళ్లు. సాలీడుకూ తేలుకూ చుట్టం.

ఈ ఎండాకాలంలోనే ఇప్పపూలు రాలుతాయి. పువ్వు కనబడాలని చెట్టు కింద ఆకులకు నిప్పు పెడతారు. పూలు ఏరేది ఎక్కువగా ఆడవాళ్లే. తెల్లవారకముందే లేచి వంగి వంగి ఏరాలి. నడుము విరిగే పని. సులువు వెతుక్కోవడం తప్పేమీ కాదు. కాని మంట ఆ చెట్టు కిందే ఆగదు. ఆకుల్లో దాక్కున్న జీవాలు కాలిపోతాయి. చిన్న మొలకలు మాడిపోతాయి. రేపటి గొడుగు ఆ మొలకలే.

ఇంకో సులువు ఉంది. ఆకులను చీపురుతో పక్కకు ఊడ్చి, పాత చీరలో వలలో పరవాలి. పువ్వు వాటి మీదే రాలుతుంది, మన్ను అంటదు. పూలకాలం అయిపోయాక ఊడ్చిన ఆకులను మళ్లీ చెట్టు కింద పరిచేయవచ్చు.