ఉప్పుగాలిలో టాపులేని కారు

పిల్లలూ! వానాకాలంలో మీ వంటింట్లో ఉప్పు జాడీ మూత తీసి చూశారా? రాళ్ళుప్పు చెమ్మగిల్లి, జాడీ అడుగున నీళ్ళు ఊరి ఉంటాయి. ఎవరూ అందులో నీళ్ళు పోయలేదు. మరి ఎక్కడినుంచి వచ్చాయి? గాలిలోంచి! గాలిలో సాపేక్ష ఆర్ద్రత సుమారు 75 శాతం దాటిందంటే, ఉప్పు ఆ తేమను తనలోకి లాక్కుని కరగడం మొదలుపెడుతుంది. ఈ చిన్న సంగతి గుర్తుంచుకోండి. ఇప్పుడు చెప్పబోయే కారు కథలో సగం దీని చుట్టూనే తిరుగుతుంది.

నెల్లూరుకు తూర్పున, సముద్రాన్ని ఆనుకుని ఉన్న మండలం తోటపల్లి గూడూరు. ఒకవైపు వరి మళ్ళు, ఇంకోవైపు రొయ్యల గుంటలు, వాటిని దాటిపోతే కోడూరు దగ్గర బంగాళాఖాతం. అక్కడ ఒక రైతు ఇంటి వెనక కొట్టంలో ఒక పాత కారు ఉంది. దానికి పైకప్పు లేదు. కావాలంటే ఇనుప కమ్ముల మీదుగా రెక్సిన్ టాపు లాక్కోవచ్చు, వద్దంటే గొడుగులా మడిచి వెనక్కి తోసేయవచ్చు. ఇలాంటి కారును కన్వర్టిబుల్ అంటారు. ఈమధ్య దాని మరమ్మతులో నేను కూడా చేతులు నల్లగా చేసుకున్నాను. అక్కడ నేర్చుకున్న రసాయనశాస్త్రం కొంత మీకు చెబుతాను.

ఆ కారు పేరు స్టాండర్డ్ హెరాల్డ్. ఇంగ్లండులో 1959లో ట్రయంఫ్ హెరాల్డ్ అనే కారు బయటికి వచ్చింది. దాని రూపురేఖలు గీసినవాడు ఇటలీ దేశస్థుడు జొవాన్ని మికెలోట్టి. మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా సంస్థ 1961 నుంచి దాన్ని మన దేశంలో తయారుచేసింది. ఇంజను పరిమాణం 948 ఘనపు సెంటీమీటర్లు. ఇంతకన్న పెద్ద ఇంజనున్న మోటారు సైకిళ్ళు ఇవాళ ఉన్నాయి! దీని బానెట్ తెరుచుకునే తీరు చూడముచ్చటగా ఉంటుంది. మడ్‌గార్డులతో సహా ముందు భాగమంతా మొసలి నోరు తెరిచినట్టు లేస్తుంది. ముందు టైరు మీద కూర్చుని తీరిగ్గా ఇంజను పని చేసుకోవచ్చు.

ఇదే కారు చట్రాన్ని పొట్టిచేసి, దాని మీద ఇంగ్లండులో 1962లో స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారును తయారుచేశారు. 1980 వరకూ అది తయారయింది. అంటే మన హెరాల్డుకు స్పిట్‌ఫైర్ చెల్లెలు వరస అన్నమాట. ఈ చుట్టరికం ముందు ముందు మనకు అక్కరకు వస్తుంది.

"హెరాల్డుకు పైకప్పు ఉండాలి గదా, సార్?" అని మీరు అడగవచ్చు. ఉండేది. కాని దాన్ని బోల్టులతో బిగించారు. ఆ ఇంటి పెద్దాయన వయసులో ఉన్నప్పుడు సరదా పుట్టి, ఆ బోల్టులు ఊడదీయించి టాపు కుట్టించుకున్నాడు. (ఇప్పుడు రవాణా శాఖ అనుమతి లేకుండా బండి రూపు మార్చకూడదు సుమా!) అన్ని కార్లకూ ఇలా చేయడం కుదరదు. ఎందుకో తెలియాలంటే ఒక చెప్పుల అట్టపెట్టె తీసుకోండి. మూతను నాలుగు పక్కలా జిగురుతో అంటించి, రెండు చివరలూ పట్టుకుని మెలితిప్పండి. లొంగదు. ఇప్పుడు మూత ఊడదీసి మెలితిప్పండి. సులువుగా మెలిక తిరుగుతుంది. ఈనాటి కార్లలో చాలావాటికి వేరే చట్రం ఉండదు. అడుగు, పక్కలు, పైకప్పు అన్నీ కలిసిన పెట్టే వాటి బలం. హెరాల్డుకు మాత్రం అడుగున ఎడ్లబండి చట్రంలాగా విడిగా ఉక్కు చట్రం ఉంది. దీన్నే చాసిస్ అంటారు. బరువంతా అదే మోస్తుంది గనుక పైకప్పు తీసినా పరవాలేదు.

కాని ఆ చట్రానికి తుప్పు పడితే? అప్పుడు టాపులేని కారుకు ఇంకే ఆధారమూ లేదు. నేను మొదటిసారి చూసినప్పుడు కారు పైకి నిగనిగలాడుతూనే ఉంది. అయితే తలుపు మూసిచూస్తే, తలుపుకూ వెనక పలకకూ మధ్య సందు కింద రూపాయి బిళ్ళ దూరేంత ఉంది, పైన గోరు కూడా దూరడం లేదు. నడుం వంగింది! టాపులేని పాత కారును ఎవరైనా మీకు చూపిస్తే రంగు చూడకండి, తలుపు సందు చూడండి.

ఇక తుప్పు సంగతి. ఇనుము, నీరు, ఆక్సిజన్ కలిస్తే తుప్పు పుడుతుందని మీ పాఠంలో చదివారు. ఉప్పు చేసేదేమిటి? ఇనుములోని పరమాణువు తన ఎలక్ట్రాన్లను వదిలి నీటిలోకి దిగిపోతుంది. ఆ ఎలక్ట్రాన్లను ఇంకోచోట నీరూ ఆక్సిజనూ అందుకుంటాయి. అంటే లోహం మీదే ఒక చిన్న బ్యాటరీ ఏర్పడుతుంది. మంచినీటిలో విద్యుత్తు బాగా పారదు గనుక ఈ బ్యాటరీ నెమ్మదిగా నడుస్తుంది. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. అవి అయానులుగా విడిపోయి విద్యుత్తుకు దారి వేస్తాయి. అలలు విరిగినప్పుడు లేచే తుంపర గాలిలో ఎండి, ఉప్పు నలుసులుగా వచ్చి కారు మీద వాలుతుంది. పగలు ఎండకు అది ఏమీ చేయదు. తెల్లవారుజామున గాలిలో తేమ పెరుగుతుంది. జాడీలో జరిగిందే ఇక్కడా జరుగుతుంది. వాన పడకుండానే ప్రతి నలుసూ ఒక ఉప్పునీటి చుక్క అవుతుంది. కొట్టంలో ఊరికే నిలబడి ఉన్న కారు రాత్రిపూట చడీచప్పుడు లేకుండా అరిగిపోతుంది.

ఇంకో వింత చెబుతాను. మెరుగుపెట్టిన ఇనుప రేకు మీద ఒక ఉప్పునీటి చుక్క వేసి, ఎండిపోకుండా పైన గ్లాసు బోర్లించి, కొన్ని గంటలయ్యాక చూడండి. చుక్క అంచున గాలి బాగా తగులుతుంది. నడుమ తక్కువ తగులుతుంది. లోహం ఎక్కడ తినబడుతుందంటారు? అంచున కాదు, నడుమ! గాలి అందే అంచు ఎలక్ట్రాన్లను అందుకుంటుంది, గాలి అందని నడిమి భాగం వాటిని ఇచ్చుకుంటూ కరిగిపోతుంది. ఇప్పుడు కారులో గాలి అందకుండా తడి నిలిచే చోట్లు వెతకండి. రెండు రేకులు ఒకదానిమీదొకటి అతికిన సందులు, కాళ్ళకింద పట్టా అడుగు, తలుపు లోపలి కడుపు, చట్రంలో మట్టి చేరిన మూలలు. టాపులేని కారులో వాననీళ్ళు ఎలాగూ లోపల పడతాయి. అవి పోవడానికే తలుపుల అడుగున చిన్న తూములు పెట్టారు. ఆకులూ దుమ్మూ వాటిని పూడ్చేస్తాయి. ఒక్క చీపురుపుల్లతో పొడిస్తే పది నిమిషాల్లో అయిపోయే పని. అది చేయకపోవడం వల్లే ఆ కారు తలుపులు కింద జల్లెడలయ్యాయి.

అంతకుముందు ఒక షెడ్డులో ఈ కారుకు టింకరింగ్ చేయించారట. అక్కడ తుప్పు గోకకుండా, చిల్లుల మీద పుట్టీ నింపి రంగు కొట్టారు. కొత్త కారులా మెరిసింది. రెండు వానాకాలాలు గడిచేసరికి రంగు బుడగలుగా లేచింది. ఎందుకంటే ఇనుము తుప్పుగా మారితే దాని పరిమాణం రెండింతలు దాటుతుంది. లోపల చోటు చాలక అది రంగును బయటికి నెడుతుంది. ఇలాంటి మోసం కనిపెట్టడానికి మా బడి పిల్లలు ప్రయోగశాలలోని అయస్కాంతాన్ని పలచటి గుడ్డలో చుట్టి కారంతా తిప్పారు. ఉక్కు ఉన్నచోట టక్కున అంటుకుంది. మందంగా పుట్టీ ఉన్నచోట జారిపోయింది. సుద్దముక్కతో గీతలు గీస్తూ పోతే కారు పొడమచ్చల దుప్పిలాగా తయారైంది!

వెల్డింగుకు ముందు మేస్త్రీ ఒక మంచి పని చేశాడు. చట్రాన్ని నాలుగుచోట్ల దిమ్మెల మీద సమంగా నిలిపి, తలుపు సందులు మళ్ళీ సరిపోయేదాకా జాకీతో ఎత్తి, తలుపు ఖాళీలకు అడ్డంగా ఇనుప బద్దెలు బిగించాడు. ఆ తరవాతే కుళ్ళిన ముక్కలు కోశాడు. వంగిన నడుంతోనే అతికిస్తే ఆ వంకర శాశ్వతమైపోతుంది.

బోల్టులు విప్పేటప్పుడు ఒక తమాషా జరిగింది. ఈ కారు బోల్టులన్నీ అంగుళాల లెక్కవి. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. మేస్త్రీ పెట్టెలో ఉన్నది 13 మిల్లీమీటర్ల స్పానరు. తేడా 0.3 మిల్లీమీటరే! కాని తుప్పుతో బిగుసుకున్న బోల్టు మీద ఆ కొంచెం తేడాకే స్పానరు జారి, ఆరు మూలలూ గుండ్రంగా అరిగిపోయాయి. చివరికి నెల్లూరులో వెతికి అంగుళాల స్పానర్లు తెచ్చుకున్నాం.

అన్నిటికన్న నన్ను భయపెట్టింది ముందు చక్రం. హెరాల్డులోనూ స్పిట్‌ఫైర్‌లోనూ ముందు చక్రాన్ని మోసే నిలువు ఉక్కు కడ్డీ ఒకటి ఉంటుంది. దాని కింది కొసన మర ఉంటుంది. ఆ మర ఒక ఇత్తడి దిమ్మలో కూర్చుంటుంది. ఆ దిమ్మను ట్రనియన్ అంటారు. స్టీరింగు తిప్పినప్పుడల్లా కడ్డీ ఆ మరలో కొంచెం తిరుగుతుంది. ఇత్తడి, ఉక్కు, మధ్యలో ఉప్పునీరు. రెండు వేరువేరు లోహాలు ఉప్పునీటిలో తాకితే ఎలక్ట్రాన్లను సులువుగా వదిలేది ముందు కరుగుతుంది. ఇక్కడ ఆ వంతు ఉక్కుది. అందుకే దిమ్మలో ఎప్పుడూ చిక్కటి గేరు ఆయిలు నింపి నీటిని బయటే ఉంచాలి. గ్రీజు పనికిరాదు. గ్రీజు ఉన్నచోటనే గడ్డకట్టి ఉండిపోతుంది, మర సందుల్లోకి పాకదు. ఆయిలు పాకుతుంది.

ఈ కారులో ఎవరో గ్రీజు కొట్టారు. విప్పిచూస్తే గోధుమరంగు ముద్ద, అరిగిన మర, కడ్డీ మెడ దగ్గర వెంట్రుకంత పగులు. ఆ కడ్డీ విరిగితే చక్రం లోపలికి మడతపడి కారు నేలకు కూలబడుతుంది. ఆ పెద్దాయన అప్పటికి రెండు నెలలనుంచి మనవళ్ళను ఎక్కించుకుని రోడ్డు మీద తిప్పుతున్నాడు!

"లేతు మీద తిప్పించేద్దాం సార్, ఒక్క పూట పని" అన్నాడు మేస్త్రీ. నేను ఒప్పుకోలేదు. అసలు కడ్డీ ఎర్రగా కాల్చి, సుత్తిదెబ్బలతో ఆకారం తెచ్చిన ఉక్కు. దొరికిన రాడ్డును కోసి మర వేస్తే చూడ్డానికి అలాగే ఉంటుంది, తట్టుకోవడంలో ఉండదు. ఇక్కడ చెల్లెలి వరస పనికొచ్చింది. స్పిట్‌ఫైర్ కార్లు ఇంగ్లండులో ఇంకా ఎన్నో తిరుగుతున్నాయి గనుక దాని భాగాలు అక్కడ ఇప్పటికీ అమ్ముతున్నారు. రెండు వైపులవీ తెప్పించారు. అవి వచ్చేదాకా కారు దిమ్మెల మీదే ఉంది. పెద్దాయన రోజూ వచ్చి, "ఏందబ్బయ్యా, ఇంకా రాలేదా?" అని మా పిల్లల్ని అడిగేవాడు.

పెట్రోలు గురించి కూడా ఒక మాట. 2025 నాటికి మన దేశంలో పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిపే స్థితికి వచ్చాం. కొత్త బండ్లను దానికి తగ్గట్టు తయారుచేస్తున్నారు. హెరాల్డు కాలంలో ఆ ఆలోచనే లేదు. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి, కిలో ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. పాత కార్బురేటర్ జెట్టు రంధ్రం మారదు గనుక, ఈ మిశ్రమం పోస్తే గాలి పాలు ఎక్కువై ఇంజను వేడెక్కుతుంది. కొంచెం పెద్ద జెట్టు వేయాల్సి వచ్చింది. ఇథనాల్ పాత రబ్బరు గొట్టాలను ఉబ్బించి మెత్తబరుస్తుంది, పైగా నీటిని పీల్చుకుంటుంది. వేడి ఇంజను పక్కన పెట్రోలు గొట్టం చిట్లితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. గొట్టాలన్నీ ఇథనాల్‌ను తట్టుకునే రకానివి మార్చారు. నెలల తరబడి కారు కదలకపోతే ట్యాంకు ఖాళీచేసి ఉంచుతున్నారు.

టాపు సంగతి సులువు. తడిబట్టలు పెట్టెలో మడిచిపెడితే బూజు పడుతుంది గదా, టాపూ అంతే. ఆరాకే మడవాలి.

మరమ్మతు పూర్తయిన ఆదివారం కారును కోడూరు సముద్రం దాకా తీసుకెళ్ళి తెచ్చారు. రాగానే అడుగుభాగం కడగాలని నేను ముందే చెప్పి ఉంచాను. బోరు మోటారు వేసి పైపు పట్టుకున్నారు. అప్పుడు మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె, "సార్, ఈ బోరునీళ్ళు తాగితే ఉప్పగా ఉంటాయి గదా, వీటితో కడిగితే ఏం లాభం?" అంది. నాకు తట్టలేదు! మరునాడు ఆ బోరునీళ్ళు, కాలవ నీళ్ళు, పోయిన వానకు చూరు కింద పట్టిన నీళ్ళు మూడు పరీక్షనాళికల్లో పోసి, ఒక్కోదానిలో రెండేసి చుక్కలు సిల్వర్ నైట్రేట్ వేశాం. (అది చర్మాన్ని నల్లగా మచ్చపరుస్తుంది. మీ మాష్టారు వేస్తారు, మీరు వేయకండి.) క్లోరైడు ఉంటే తెల్లటి అవక్షేపం వస్తుంది. చూరు నీళ్ళు తేటగానే ఉండిపోయాయి. కాలవ నీళ్ళు పలచగా మసకబారాయి. బోరునీళ్ళు మజ్జిగలా తెల్లబడ్డాయి.

ఆ సాయంత్రమే ఆ నాళికలు మూడూ పెద్దాయనకు చూపించాం. ఇప్పుడు కొట్టం చూరుకింద ఒక డ్రమ్ము ఉంది. వానలు లేనప్పుడు కాలవనుంచి బిందెలతో తెచ్చి దాన్ని నింపుతున్నారు.