నజరే: కొండంత కెరటాల ఊరు

ఏ సముద్రం తరతరాలుగా ఆ ఊరి మగవారిని పొట్టన పెట్టుకున్నదో, ఆ సముద్రమే నేడు ఆ ఊరికి అన్నం పెడుతున్నది.

పోర్చుగల్ రాజధాని లిస్బన్‌కు ఉత్తరంగా సుమారు 120 కిలోమీటర్ల దూరాన, అట్లాంటిక్ మహాసముద్రపు ఒడ్డున నజరే అనే చిన్న పట్టణమున్నది. వేసవిలో ఇక్కడి ఇసుక తిన్నెల మీద రంగురంగుల డేరాలు వెలుస్తాయి. పిల్లలు నీటిలో కేరింతలు కొడతారు. కాని, ఈ ఊరికి ప్రపంచఖ్యాతి తెచ్చినది వేసవి కాదు, శీతకాలం. అక్టోబరు నుంచి మార్చి వరకు, దూరాన తుపానులు రేగినప్పుడు, ఊరికి ఉత్తరపు వైపున ఉన్న తీరంలో ఏడెనిమిది అంతస్తుల మేడలంతటి కెరటాలు లేస్తాయి.

కడలి అడుగున లోయ

ఈ వింతకు కారణం నీటి అడుగున ఉన్నది. సముద్రగర్భంలో రెండు వందల కిలోమీటర్లకు పైగా సాగి, సుమారు 5,000 మీటర్ల లోతుకు దిగే మహాలోయ ఒకటి సరిగా ఈ ఊరి ముంగిటకు వచ్చి ఆగుతుంది. లోతు తక్కువైన చోట అలలు అడుగు నేలను రాచుకుని వేగం కోల్పోతాయి. లోయ మీదుగా వచ్చే అలలకు ఆ అడ్డు లేదు. అవి లోయ అంచున వంగి, నెమ్మదించిన అలలతో కలుస్తాయి. ఒకదాని ఎత్తుకు మరొకదాని ఎత్తు తోడవుతుంది. తీరం వెంబడి ఎదురువచ్చే ప్రవాహం ఆ నీటిగోడను మరికొంత పైకి నెడుతుంది.

నల్లబట్టల తీరం

1980లలో రేవు నిర్మించేవరకు ఇక్కడి మత్స్యకారులు తమ పడవలను తిన్నగా కెరటాలలోకే తోసుకుని వేటకు వెళ్ళేవారు. తిరిగివచ్చిన పడవలను ఎద్దులచేత ఒడ్డుకు లాగించేవారు. తిరిగిరాని పడవలూ ఉండేవి. భర్తలను పోగొట్టుకున్న స్త్రీలు నల్లని దుస్తులు ధరించేవారు. ఒకదానిపై ఒకటిగా ఏడు పరికిణీలు తొడగడం ఇక్కడి ఆడవారి ఆచారం. చలిగాలిలో ఒడ్డున కూర్చుని మగవారికోసం ఎదురుచూసేటప్పుడు కొన్ని తలకు, కొన్ని కాళ్ళకు కప్పుకునేందుకే ఈ ఆచారం పుట్టిందంటారు. ఆ దుస్తులలో చేపలను వలల చట్రాలపై ఎండబెట్టి అమ్మే వృద్ధస్త్రీలు నేటికీ బీచిలో కనిపిస్తారు.

పలక మీద ప్రాణం

హవాయి దీవుల నుంచి వచ్చిన గారెట్ మెక్‌నమారా 2011 నవంబరులో ఇక్కడ 78 అడుగుల కెరటంపై సర్ఫింగ్ చేశాడు. ఇంతటి కెరటాన్ని చేతులతో ఈది అందుకోవడం అసాధ్యం. జెట్ స్కీ అనే చిన్న మోటారు వాహనం సర్ఫర్‌ను తాడుతో లాగి కెరటం మీద వదులుతుంది. అతను పడిపోతే తిరిగి ఎక్కించుకునేదీ అదే. 2020 అక్టోబరులో జర్మనీ దేశీయుడు సెబాస్టియన్ స్టాయిట్‌నర్ ఎక్కిన కెరటం 86 అడుగులని గిన్నిస్ సంస్థ ధ్రువీకరించింది.

ఈ క్రీడ వెల స్వల్పమైనది కాదు. బ్రెజిల్ వనిత మాయా గబేరా 2013లో ఇక్కడ స్పృహతప్పి నీట మునిగింది. సహచరుడు కార్లోస్ బుర్లే ఆమెను ఒడ్డుకు చేర్చగా, ఇసుక మీదనే ఊపిరి పోశారు. ఆమె వెనుదిరగలేదు. 2020లో అదే తీరంలో 73.5 అడుగుల కెరటాన్ని జయించి మహిళల రికార్డును నెలకొల్పింది. 2023 జనవరిలో మార్సియో ఫ్రేరే అనే మరో బ్రెజిల్ సర్ఫర్‌కు మాత్రం ఆ అదృష్టం దక్కలేదు. అతను ఇక్కడే మరణించాడు.

కొండమీది విశేషాలు

1889లో ప్రారంభమైన కేబుల్ రైలు యాత్రికులను బీచి నుంచి సీతియు అనే కొండమీది పేటకు చేరుస్తుంది. అక్కడ మేరీమాత ఆలయమున్నది. 1182లో పొగమంచులో జింకను తరుముతూ గుర్రంపై కొండ అంచుకు వచ్చిన ఒక ప్రభువును ఆ తల్లి కాపాడిందని స్థలపురాణం. భారతదేశానికి సముద్రమార్గం కనుగొన్న వాస్కోడిగామా కూడా ఈమెను దర్శించుకున్నాడని స్థానికుల విశ్వాసం.

అక్కడి నుంచి కొద్ది దూరం నడిస్తే 1577 నాటి కోట, దాని నెత్తిన దీపస్తంభం. దారిలో జింక తల, మనిషి దేహం గల విగ్రహం ఒకటి చేత సర్ఫింగ్ పలకతో నిలబడి ఉంటుంది. కోటలోని గదులలో ప్రసిద్ధ సర్ఫర్ల పలకలను ప్రదర్శించారు. పెద్ద కెరటాల రోజున వేలాది జనం ఈ కొండమీదికి చేరుకుంటారు. ఒకప్పుడు పర్యాటకులు రాని చలికాలంలో నేడు హోటళ్ళు, భోజనశాలలు నిండుతున్నాయి.

చూడవచ్చినవారు ఒక్క సంగతి మరువరాదు. స్నానానికి ఊరి ముందున్న బీచియే తగినది. ఉత్తరపు తీరంలో, అలలు చిన్నవిగా కనిపించే వేసవి రోజున సైతం, నీటి అడుగున ప్రవాహం బలంగానే ఉంటుంది.