కొనరాని ఆకుల కిరీటం

దేవుని సన్నిధిలో ధనానికి ఉన్న స్థానం ఎంత? హుండీలో కానుక వేసే సామాన్య భక్తుడు మొదలుకొని అన్నదానానికి, సత్రాల నిర్మాణానికి విరాళం సమర్పించే దాత వరకు అందరి మనసులలోనూ ఎప్పుడో ఒకప్పుడు మెదిలే ప్రశ్న ఇది. దీనికి నాకు ఎంతో తృప్తినిచ్చిన సమాధానం ఒకటి ప్రాచీన గ్రీసు దేశపు క్రీడోత్సవాల చరిత్రలో లభించింది. ఒలింపిక్ క్రీడలు అనగానే నేడు మనకు పతకాలు, దేశాల పతాకాలు గుర్తుకు వస్తాయి. కాని ఆ క్రీడలు జన్మించినది ఒక దేవాలయ ప్రాంగణంలో. అవి ఒక దేవుని ఉత్సవంలో అంతర్భాగం.

ఒలింపియా నగరం కాదు; అది ఒక పుణ్యక్షేత్రం. గ్రీసు దక్షిణ భాగంలో, ఆల్ఫియస్, క్లాడియస్ అనే రెండు నదులు కలిసే చోట, చిన్న కొండ పాదాన వెలసింది. అక్కడి ప్రధాన దైవం జ్యూస్. గ్రీకులకు ఆయన దేవతల రాజు, పిడుగును ఆయుధంగా ధరించినవాడు. ఆయన ఆలయంలో ఫిడియస్ అనే శిల్పి బంగారంతోను, ఏనుగు దంతంతోను మలచిన విగ్రహం సుమారు 12 మీటర్ల ఎత్తు ఉండేది. ప్రాచీన ప్రపంచపు ఏడు వింతలలో దానిని ఒకటిగా లెక్కించారు.

సంప్రదాయం ప్రకారం ఇక్కడ క్రీడలు క్రీ.పూ. 776లో ప్రారంభమయ్యాయి. నాటి విజేత కొరోయిబస్ ఎలిస్ ప్రాంతానికి చెందిన ఒక వంటవాడు. ఆయన గెలిచినది సుమారు 192 మీటర్ల పరుగు. కాలక్రమంలో కుస్తీ, ముష్టియుద్ధం, రథాల పందెం మొదలైనవి చేరాయి. నాలుగేళ్ళకు ఒకసారి, నడి వేసవిలో, ఉత్సవం జరిగేది. దానికి ముందు దూతలు గ్రీకు రాజ్యాలన్నింటికీ వెళ్ళి పవిత్ర సంధిని ప్రకటించేవారు. ఒలింపియాకు వచ్చి పోయే యాత్రికులకు ఎవరూ హాని చేయరాదన్నది అందులోని ముఖ్య నియమం. క్రీ.పూ. 420లో స్పార్టా వారు ఈ సంధిని ఉల్లంఘించారని అభియోగం వచ్చింది. మహాబలవంతులైన ఆ స్పార్టా వారికే 2,000 మినాల వెండి జరిమానా విధించారు. వారు చెల్లించడానికి అంగీకరించలేదు. ఆలయంలో బలి అర్పించే హక్కును, క్రీడలలో పాల్గొనే హక్కును ఆ ఏడు వారికి నిరాకరించారు.

పోటీకి ముందు ప్రతి క్రీడాకారుడు ప్రమాణం చేయవలసి ఉండేది. రెండు చేతులలోనూ పిడుగులు ధరించిన జ్యూస్ విగ్రహం ఎదుట నిలిచి, తాను పది నెలల పాటు నియమం తప్పక శిక్షణ పొందానని, క్రీడలకు ద్రోహం చేయనని ఒట్టు పెట్టుకొనేవాడు. అతనితో పాటు అతని తండ్రి, సోదరులు, శిక్షకులు కూడా ప్రమాణం చేసేవారు. బాలుర పోటీలకు అర్హతను నిర్ణయించే పెద్దలు తాము లంచం తీసుకొనమని ప్రమాణం చేసేవారు. ఈ వివరాలను క్రీ.శ. 2వ శతాబ్దిలో ఆ క్షేత్రాన్ని దర్శించిన పౌసానియస్ అనే యాత్రికుడు తన గ్రంథంలో భద్రపరిచాడు.

ఇంత నిష్ఠతో పోటీపడి గెలిచినవానికి దక్కేది ఆకుల కిరీటం మాత్రమే. ఆలయం వెనుక ఉన్న అడవి ఆలివ్ చెట్టు కొమ్మలతో దానిని అల్లేవారు. తల్లిదండ్రులిద్దరూ జీవించి ఉన్న బాలుడు బంగారు కొడవలితో ఆ కొమ్మలను కోసేవాడు. విజేతలకు సొంత ఊళ్ళలో సత్కారాలు, ధనం లభించిన మాట నిజమే. ఏథెన్సు నగరం వారికి జీవితాంతం ప్రజాధనంతో భోజనం పెట్టేది. ఒలింపియాలో మాత్రం దేవుని పేరిట ఇచ్చినది వాడిపోయే ఆకులే. ధనం ఆ ప్రాంగణంలోకి రాలేదని కూడా అనలేము. రథాల పందెంలో కిరీటం సారథికి గాక గుర్రాల యజమానికి దక్కేది. స్పార్టా రాజకుమారి కినిస్కా క్రీ.పూ. 396లో, 392లో విజేత కావడం అందువల్లనే సాధ్యమయింది. గుర్రాలను పోషించే ధనం ఉన్నవారికి ఆ ఒక్క ద్వారం తెరిచి ఉండేది. కాని ఎదుటివాని ఓటమిని కొనడం మాత్రం దైవద్రోహం.

ఆ ద్రోహం క్రీ.పూ. 388లో జరిగింది. థెస్సలీకి చెందిన యూపోలస్ అనే ముష్టియోధుడు తన ప్రత్యర్థులు ముగ్గురికి లంచం ఇచ్చి గెలిచాడు. విషయం బయటపడింది. ఇచ్చినవానికి, పుచ్చుకొన్నవారికి కూడా న్యాయనిర్ణేతలు జరిమానా విధించారు. ఆ సొమ్ముతో ఆరు జ్యూస్ కంచు విగ్రహాలు చేయించి, క్రీడాప్రాంగణానికి వెళ్ళే దారి పక్కన నిలబెట్టారు. ఒలింపియాలో విజయం ధనంతో గాక పాదాల వేగంతోను, దేహబలంతోను సాధించవలసినదని ఒక పీఠం మీద చెక్కించారు. ఆ తరువాత పోటీకి వెళ్ళే ప్రతి యువకుడూ ఆ విగ్రహాల ముందు నుంచే నడవవలసి వచ్చేది.

క్రీ.పూ. 332లో ఏథెన్సుకు చెందిన కల్లిప్పస్ అదే తప్పు చేశాడు. ఏథెన్సు నగరం జరిమానా మాఫీ చేయించుకోవడానికి ప్రసిద్ధ వక్త హైపరీడిస్‌ను పంపింది. మాఫీ దొరకలేదు. నగరం చెల్లించక మొండికేసింది. అప్పుడు డెల్ఫీ క్షేత్రంలోని అపోలో దేవుడు, జరిమానా చెల్లించే వరకు ఏథెన్సు వారికి ఏ విషయంలోనూ ప్రశ్న చెప్పనన్నాడట. వారు చెల్లించక తప్పలేదు. మరో ఆరు విగ్రహాలు వెలిశాయి.

ఆ శిథిలాలను దర్శించే భాగ్యం నాకు కలిగినప్పుడు ఈ పీఠాల వరుస దగ్గరే ఎక్కువసేపు నిలిచాను. కంచు విగ్రహాలు ఏనాడో పోయాయి. రాళ్ళు మాత్రం మిగిలాయి. వాసన చూసిన పువ్వు పూజకు పనికిరాదని మన పెద్దలు చెబుతారు. ఒలింపియా వారు కూడా కొన్న విజయాన్ని అటువంటి పువ్వుగానే భావించారని నాకు తోచింది. మనిషి తన దేహబలాన్ని దేవునికి నివేదిస్తున్నప్పుడు అది అతనిదే అయి ఉండాలి.

అయితే ధనానికి ఆ క్షేత్రంలో చేయదగిన పని ఏదీ లేదా? ఉన్నది. నడి వేసవి ఎండలో సుమారు 40,000 మంది మట్టి గట్ల మీద కూర్చుని పోటీలు చూసేవారు. నీటి ఎద్దడి తీవ్రంగా ఉండేది. మాట వినని బానిసను తిరగలికి కాదు, ఒలింపియాకు పంపుతానని ఒక యజమాని బెదిరించినట్లు ఒక పాత కథ ఉన్నది. క్రీ.శ. 2వ శతాబ్ది మధ్యకాలంలో హెరోడిస్ అట్టికస్ అనే ఏథెన్సు సంపన్నుడు దూరపు ఊటల నుంచి కాలువ తవ్వించి, క్షేత్రం నడుమ అందమైన జలమందిరం కట్టించాడు. ఆ నీటిని జ్యూస్‌కు సమర్పిస్తున్నట్లు ఆయన భార్య రెగిల్లా పేరిట ఒక పాలరాతి వృషభం మీద చెక్కించారు. ఆ వృషభం నేటికీ ఒలింపియా ప్రదర్శనశాలలో ఉన్నది.

ఈ దానాన్ని నిందించినవారూ లేకపోలేదు. పెరిగ్రినస్ అనే వేదాంతి, దప్పికను ఓర్చుకోవడమే పౌరుషమని, ఈ నీరు గ్రీకులను సుకుమారులను చేస్తుందని ఉపన్యసించాడు. ఆ నీటినే తాగుతూ అలా అన్నాడని లూసియన్ అనే రచయిత పరిహసించాడు. జనం రాళ్ళతో కొట్టబోగా ఆ వేదాంతి జ్యూస్ సన్నిధిలోనే శరణు పొందాడు. తరువాతి ఉత్సవానికి తిరిగి వచ్చి, ఆ దాతనే స్తుతిస్తూ ప్రసంగించాడు.

క్రీ.శ. 4వ శతాబ్ది చివర రోమన్ చక్రవర్తి థియోడోసియస్ పాత దేవతల ఆరాధనను నిషేధించాడు. ఆరాధన ఆగిన చోట క్రీడలూ ఎంతోకాలం నిలువలేదు. భూకంపాలు, వరదలు ఆ క్షేత్రాన్ని మట్టిలో కప్పివేశాయి. 1875లో జర్మన్ పురావస్తు శాస్త్రజ్ఞులు తవ్వకాలు ప్రారంభించిన తరువాత లంచగొండుల పీఠాలు, దాత కట్టించిన జలమందిరపు పునాదులు రెండూ బయటపడ్డాయి. అవి రెండూ ఒకే ప్రాంగణంలో ఉన్నాయి.

రెండింటి వెనుకా ఉన్నది ధనమే. ఒకటి ఇతరుల శ్రమఫలాన్ని కొనబోయి, జరిమానాగా మారి, శతాబ్దాల పాటు సిగ్గుకు సాక్ష్యంగా నిలిచింది. మరొకటి పేరు తెలియని యాత్రికుని దప్పిక తీర్చి దేవునికి చెందింది. వేసవిలో చలివేంద్రం పెట్టించే గృహస్థుకు, క్యూలైనులో పసిబిడ్డలకు పాలు అందించే దాతకు ఈ భేదం ఒకరు చెప్పవలసిన పని లేదు. దైవానుగ్రహాన్ని ఏ ధనమూ కొనలేదు. ఆయన వాకిటికి వచ్చినవారి దాహాన్ని మాత్రం అది తీర్చగలదు.